జోకరు బడి రింగు పక్కనే ఉండాలి

నవ్వించడం పుట్టుకతో రావాల్సిందేగాని నేర్పితే వచ్చేది కాదని తేల్చేసేవాళ్ళు మనలో చాలామంది. సంగీతానికి గురువు కావాలి, కర్రసాముకి గురువు కావాలి, జోకరుకి మాత్రం ఎర్రముక్కూ వదులు లాగూ ఉంటే సరిపోతుందన్నమాట. ఈ నమ్మకం వల్ల ఎక్కువ నష్టపోయింది జోకర్లే. సర్కస్‌లో ట్రపీజ్ (గాల్లో ఊయల ఆట) ఆడినవాడికి భుజాలు అరిగాక శిక్షకుడి పని దొరుకుతుంది. జోకరుకి మోకాళ్ళు అరిగితే, అతని దగ్గర నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందని ఎవరికీ తోచదు.

జోకరు పని, అంటే ఇంగ్లీషువాళ్ళ మాటలో క్లౌన్ పని, నేర్పదగ్గదే. దాన్ని నేర్పుతూ సగం జీవితం గడిపినవాళ్ళు అమెరికాలో, ఫ్రాన్సులో, రష్యాలో ఉన్నారు. వాళ్ళ బతుకులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. జీతమిచ్చే రింగు, అంటే సర్కస్ ఆడే గుండ్రటి చోటు, పక్కన ఉన్నంతకాలం ఆ చదువు నిలబడింది. రింగు దూరమైనచోట బడి మూతపడింది, లేదా మరోటిగా మారిపోయింది. అందుకే క్లౌన్ శిక్షణ అంటూ ఎవరు ఏ పథకం పట్టుకొచ్చినా రెండే ప్రశ్నలు వేయాలి: చివర్లో ఉద్యోగం ఉందా? పక్కన టికెట్ కొన్న జనం ఉన్నారా?

అమెరికా సంగతే చూడండి. 1967లో అర్విన్ ఫెల్డ్ అనే వ్యాపారి రింగ్లింగ్ బ్రదర్స్ అండ్ బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్‌ని కొన్నాడు. తీరా చూస్తే కంపెనీలో ఉన్న క్లౌన్లలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళు. పడగలరుగాని లేవడమే కష్టం. పైగా ఒకే పేరుతో రెండు దళాలు ఏకకాలంలో దేశమంతా తిరగాలని అతని ఆలోచన. 1969 నుంచి అలాగే తిరిగాయి. అంటే ఉన్నవాళ్ళకి రెట్టింపు మంది కావాలి. సంత నుంచి కొనుక్కొచ్చే సరుకు కాదు గనక 1968లో ఫ్లోరిడాలోని వెనిస్‌లో, సర్కస్ చలికాలం విడిది చేసే చోటే, క్లౌన్ కాలేజీ తెరిచాడు. ఫీజు లేదు. ఇది దానధర్మం అనుకోనక్కర్లేదు, కూలీల్ని తయారుచేసుకునే ఖర్చు. విద్యార్థులు పడటం, మొగ్గలు వేయడం, గాల్లో బంతులు ఆడించడం, పొడుగు కర్రల మీద నడవడం, ఒంటిచక్రం సైకిలు, ముఖానికి రంగు, దుస్తులు కుట్టుకోవడం, సామాను తయారీ, అన్నీ నేర్చుకునేవాళ్ళు. ఆఖర్న యజమాని ముందు ఒక పూర్తి ప్రదర్శన. నచ్చినవాళ్ళకి ఒప్పందం, మిగతావాళ్ళకి పట్టా. మూతపడేలోగా సుమారు 1,400 మంది అక్కడ చదివారు.

అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళలో లూ జేకబ్స్ ముఖ్యుడు. 1903లో జర్మనీలో పుట్టి, 1920లలో అమెరికా చేరి, ఆ ఒక్క కంపెనీలోనే అరవై ఏళ్ళ దాకా ఆడాడు. 1966లో అమెరికా తపాలా శాఖ సర్కస్ మీద వేసిన 5 సెంట్ల బిళ్ళ మీద ముఖం అతనిదే. ఆరడుగులు దాటిన ఈ మనిషి రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న బుల్లి కారులో రింగులోకి వచ్చి, అందులోంచి మడత విప్పుకుంటూ బయటికి లేచేవాడు. ఒళ్ళు విల్లులా వంచే విద్య చిన్నప్పుడే పట్టుబడింది గనక అది అతనికి చెల్లింది. మరి శిష్యుడికి ఏం నేర్పాలి? కారు నేర్పలేడు. ఆ ఐటం వెనకున్న వరస నేర్పగలడు. కారు ఎంత చిన్నదో జనం కళ్ళకి ముందు పూర్తిగా ఆనాలి. అంటే ఆపకముందు రింగు చుట్టూ ఒక చుట్టు తిరగాలి. బయటికి వచ్చేటప్పుడు ఒక్కో అవయవం విడివిడిగా రావాలి, ప్రతిదానికీ మధ్య ఒక ఆగుడు ఉండాలి. అన్నీ ఒకేసారి వస్తే కారులోంచి మనిషి దిగాడంతే, అందులో నవ్వేముంది?

అదే బడిలో నేర్పిన ఆటో గ్రీబ్లింగ్ పద్ధతి మరోటి. మంచుగడ్డ ఒకటి భుజాన వేసుకుని, అది తెప్పించుకున్నావిడ కోసం జనం మధ్య వెతుకుతూ పోయేవాడు. ఆట సాగుతున్నకొద్దీ మళ్ళీ మళ్ళీ కనిపించేవాడు. ప్రతిసారీ గడ్డ ఇంకాస్త చిన్నదయ్యేది. గొంతు కాన్సరు ఆపరేషనుతో మాట పోయాక కూడా రింగు వదల్లేదు. ఒక ఐటం రెండు నిమిషాల్లో తెగిపోనక్కర్లేదు, రెండు గంటల ప్రదర్శన పొడుగునా పరుచుకోవచ్చు అనే లెక్క ఇలాంటివాళ్ళని చూసే కుర్రాళ్ళు పట్టుకోగలిగేది.

ఇక అసలు పాఠం: పడటం. నా లెక్కన క్లౌన్ గురువు యోగ్యత ఇక్కడే తేలిపోతుంది.

మొదట రెండంగుళాల మందం పరుపు మీద, మడమల మీద కూర్చునే స్థితి నుంచి మొదలుపెట్టిస్తారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, చూపు బొడ్డు మీద ఉండాలి. వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లాలి. వీపు తాకే క్షణంలోనే రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా, అరచేతులు కిందికి, పరుపుని గట్టిగా చరచాలి. ఆ చరుపు రెండు పనులు చేస్తుంది: దెబ్బ బరువుని చేతుల పొడవునా పంచుతుంది, జనానికి వినపడే చప్పుడు చేస్తుంది. ఊపిరి ఆ క్షణంలో బయటికి పోవాలి, బిగబట్టకూడదు. ఇది అలవాటయ్యాక సగం కూర్చున్న స్థితి నుంచి, తర్వాత నిలబడి, తర్వాత నడుస్తూ, చివరికి పరిగెడుతూ. నిలబడి పడేటప్పుడు ముందుగా ఒక మోకాలు వంగాలి, ఒక పక్క పిర్ర నేలని తాకాలి. తోక ఎముక మీద సూటిగా పడ్డవాడు నెలల తరబడి కుర్చీలో కూర్చోలేడు.

తప్పులు ఎక్కడ జరుగుతాయి? అన్నిటికన్నా ముందు చెయ్యి. మనిషి వెనక్కి పడుతుంటే చెయ్యి దానంతటదే వెనక్కి చాచుకుంటుంది, ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది, ఎముక విరుగుతుంది. అందుకే తొలి రోజుల్లో శిష్యుడి చేతులు ఛాతీ మీద కట్టించి దొర్లిస్తారు, ఆ వాంఛ చచ్చేదాకా. రెండోది గడ్డం పైకి లేవడం: తల వెనకభాగం నేలకి కొట్టుకుంటుంది. మూడోది జేబులు. వెనక జేబులో దువ్వెన ఉన్నా సరే తీసేయాలి. నాలుగోది చెప్పులు. అడుగున్నర పొడవుండే క్లౌన్ బూట్లు తొడిగాక, మామూలు కాళ్ళతో నేర్చుకున్నదంతా మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. ముందుభాగం నేలకి తట్టుకుంటే మనిషి అనుకున్న దిక్కుకి పడడు. కొందరు గురువులు తొందరపడి మొదటి వారమే బూట్లు తొడిగిస్తారు. చూడ్డానికి సరదాగా ఉంటుంది, చీలమండ బెణుకుతుంది.

ఇదంతా వ్యాయామ మాస్టారు కూడా నేర్పగలడు. ఆయన నేర్పలేనిది దీని తర్వాత వస్తుంది. పడబోతున్నానని ఒంటికి ముందే తెలిసిపోతుంది, పడేముందు భుజాలు అరక్షణం బిగుసుకుంటాయి. జనం దాన్ని పట్టేస్తారు. ఎందుకు నవ్వు రాలేదో వాళ్ళు చెప్పలేరు, నవ్వరంతే. దీనికి విరుగుడు: పడేవాడి మనసుని వేరే పనికి కట్టేయడం. అవతలి మూలనున్న కుర్చీని చేరుకోవాలి, అందులో కూర్చోవాలి, అదే ప్రాణావసరం. అరటితొక్క మధ్యలో వచ్చిన అడ్డంకి మాత్రమే. తొక్క కోసం నడిచేవాడు ఎప్పటికీ నవ్వించలేడు. ఇంకా, పడ్డప్పుడు వచ్చేది మొదటి నవ్వు, లేవడంలో రెండోది ఉంటుంది: ఏమీ జరగనట్టు లేస్తాడా, ఎవరైనా చూశారా అని వెతుకుతాడా, నేలని తిడతాడా? ఆ మనిషి ఎవరన్నది అక్కడే తెలుస్తుంది.

ఇంకో సంగతి రింగులో రోజుకి రెండు మూడు ఆటలు ఆడినవాడికే తెలుస్తుంది. ఎప్పుడూ ఎడమ పక్కకే పడేవాడి తుంటి పదేళ్ళలో అయిపోతుంది. ఈ ఆటలో ఎడమ, తర్వాతి ఆటలో కుడి. శనివారం ఆటలు ఎక్కువ గనక శుక్రవారం రాత్రి పెద్ద పడటం తీసేసి చిన్న తొట్రుపాటుతో సరిపెట్టడం. నిర్వాహకులకి ఇది బద్ధకంలా కనిపిస్తుందిగాని ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం ఇలాంటి లెక్కల మీదే నడుస్తుంది. వారాంతపు వర్క్‌షాపుల్లో ఈ మాట చెప్పే గురువులు అరుదు, ఎందుకంటే వాళ్ళెవరూ వారానికి పన్నెండుసార్లు పడలేదు.

చెంపదెబ్బ కూడా అంతే. నాటకంలో చెంపదెబ్బ చప్పుడుని తినేవాడే చేస్తాడు, జనానికి కనపడని పక్క అరచేతులు చరిచి. రింగులో కనపడని పక్క అంటూ ఉండదు. చుట్టూ జనమే. అందుకని సర్కస్‌లో ఆ చప్పుడు బ్యాండులోని డ్రమ్మర్ ఇస్తాడు. కొట్టేవాడి చెయ్యి గడ్డానికి బెత్తెడు దూరంలో దాటిపోతుంది, తినేవాడి తల చెయ్యి ఎటు పోతే అటే తిరుగుతుంది, డ్రమ్ము సరిగ్గా తల కదిలిన క్షణంలో మోగాలి. చెయ్యి కదిలినప్పుడు మోగితే అబద్ధమని తెలిసిపోతుంది. ఈ ముగ్గురి పొత్తు కుదరడానికి ముందు కళ్ళు కలవాలి. కొట్టేముందు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా చెయ్యి లేపకూడదన్నది గట్టి నియమం. డ్రమ్మర్ లేకుండా చెంపదెబ్బ నేర్పే క్లాసుల్ని చూస్తే మృదంగం లేకుండా తాళం నేర్పుతున్నట్టే ఉంటుంది.

రెండోసారి చూపు అనే పాఠం ఒకటుంది. దారిన పోతూ పులిని చూశావు, చూపు తిప్పి జనం వైపు మామూలు మొహమే పెట్టావు, ఒక్క క్షణం ఆగావు, అప్పుడు మెడ చటుక్కున పులి వైపు తిరిగింది. కొత్తవాడు మొదటి చూపులోనే మొహం మార్చేస్తాడు, దాంతో రెండోదానికి ఏమీ మిగలదు. కళ్ళు తిప్పితే చాలదు, ముక్కు తిరగాలి. నలభై వరసల అవతల కూర్చున్నవాడికి కళ్ళు కనపడవు, ఎర్ర ముక్కు ఎటుందో కనపడుతుంది. దీన్ని చేయించడానికి గురువులు శిష్యుణ్ణి గది చివర నిలబెట్టి తాము అటు చివర కూర్చుంటారు. రెండు గజాల దూరంలో కూర్చుని సరిదిద్దే గురువు తనకి తెలియకుండానే సినిమా నటుణ్ణి తయారుచేస్తున్నాడు.

ముఖం రంగు గురించి క్లుప్తంగా. గడ్డం గీసుకున్న వెంటనే రంగు పూయకూడదు, మండుతుంది, గంటైనా ఆగాలి. ముందు లేత రంగులు, తర్వాత ముదురువి, ఆఖర్న నలుపు గీతలు. నోటి చుట్టూ, కళ్ళ మీద తెలుపు. వేలికొసతో కొంచెమే తీసుకుని పలచగా రాసి, అరచేతి వేళ్ళతో తడుతూ పోతే గీతలు పోయి సమంగా పరుచుకుంటుంది. టాల్కం పౌడరు నింపిన నూలు మేజోడుతో ముఖమంతా అద్ది, నిమిషం ఆగి, మెత్తని కుంచెతో దులిపి, తడిగుడ్డతో ఒత్తితే రంగు చెమటకి కారదు. పౌడరు సరిగ్గా అద్దనివాడి నోటి తెలుపులోకి ఎర్రరంగు పాకి మొదటి ఐటం అయ్యేసరికి గులాబీ అవుతుంది. తీయడానికి నూనె, ఆ తర్వాతే సబ్బు. ఇదంతా చేతిపని. మెదడుపని వేరే ఉంది. అద్దం ముందు శిష్యుణ్ణి నవ్వమని, ఏడవమని, ఆశ్చర్యపడమని చెప్పి, చర్మం ఎక్కడ మడత పడుతోందో పెన్సిలుతో గుర్తు పెట్టించాలి. రంగు ఆ మడతల్ని అనుసరించాలి. వాటికి అడ్డంగా పెద్ద నవ్వు గీసేస్తే, ముఖం ఏడుస్తున్నా బొమ్మ నవ్వుతూ ఉంటుంది. పిల్లలు క్లౌన్లని చూసి జడుసుకోవడానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఒకరి ముఖం ఇంకొకరు పెట్టుకోకూడదన్నది కట్టుబాటు. బ్రిటన్‌లో 1946లో స్టాన్ బల్ట్ అనే ఆయన క్లౌన్ల ముఖాల్ని కోడిగుడ్ల పెంకుల మీద గీసి దాచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మట్టిగుడ్ల మీద గీస్తున్నారు. గురువుకి ఇది చిక్కే. పాత ఐటాలు అందరి సొత్తు, నేర్పొచ్చు. ఒకరి పేరుతో నిలిచిన ఐటం, ఒకరి ముఖం మాత్రం నేర్పకూడదు. తన ముఖాన్నే అచ్చు గుద్దినట్టు శిష్యులకి దించే గురువు దగ్గరినుంచి లేచి వచ్చేయడం మంచిది.

క్లౌన్ కాలేజీ మీద ఒక ఫిర్యాదు బలంగా వినిపిస్తుంది: అందర్నీ ఒకే అచ్చులో పోశారని. అది నిజమే, కానీ తప్పు గురువులది కాదు. రింగ్లింగ్ 1956లోనే గుడారం వదిలేసి పెద్ద పెద్ద హాళ్ళలోకి మారింది. మూడు రింగులు, వేలాదిమంది జనం. అక్కడ సన్నని హాస్యం కనపడదు. పెద్ద బూట్లు, పెద్ద తెల్లనోరు, పెద్ద పేలుడు కావాలి. ఒకే రింగు, పదమూడు మీటర్ల వెడల్పు ఉండే యూరపు సర్కస్‌లో పది నిమిషాల పాటు ఇద్దరు క్లౌన్లు ఒక కుర్చీ గురించి తగువాడుకోవచ్చు. కొలత మారితే చదువు మారుతుంది. ఏ రింగు కోసం నేర్పుతున్నారో ఆ రింగు లక్షణమే విద్యార్థి ఒంట్లోకి వస్తుంది. నా వాదనకి ఇది ఎదురుదెబ్బలా కనిపించొచ్చు: రింగు పక్కన ఉంటే బడికి దాని జబ్బులు కూడా అంటుతాయి కదా అని. అంటుతాయి. అయినా ఆ బడి నుంచే బిల్ అర్విన్ లాంటి నాటకరంగపు క్లౌన్ వచ్చాడు, 1970లో చదువు ముగించి ఆ కంపెనీలో ఒప్పందం పొందిన తొలి మహిళా క్లౌన్ పెగ్గీ విలియమ్స్ వచ్చింది. 1968 మొదటి తరగతిలో చదివిన ఫ్రాస్టీ లిటిల్ తర్వాతి తరాలకి గురువై, ఆ కంపెనీ మాస్టర్ క్లౌన్ అని బిరుదిచ్చిన నలుగురిలో ఒకడయ్యాడు. శిష్యుడు, రింగు, గురువు అనే వలయం ఒక తరంలోనే పూర్తయింది. రింగు లేని బడిలో ఇది జరగదు, అక్కడ శిష్యుడు నేరుగా గురువైపోతాడు.

1997లో కాలేజీ మూతపడింది. కావల్సినంతమంది తయారయ్యారు, కంపెనీకి ఇక అవసరం లేదు. సర్కస్ కూడా 2017లో ఆగిపోయి, 2023లో జంతువులు లేకుండా మళ్ళీ మొదలైనప్పుడు ఆ పాతకాలపు రంగుముఖాల క్లౌన్లు అందులో లేరు.

పారిస్‌లో 1956లో జాక్ లెకాక్ పెట్టిన బడిది వేరే దారి. ఆయన వ్యాయామ విద్య నుంచి నాటకంలోకి వచ్చినవాడు, సర్కస్‌తో పుట్టుసంబంధం లేదు. 1960లలో ఒకసారి విద్యార్థుల్ని ఒక్కొక్కరినీ ముందుకొచ్చి నవ్వించమన్నాడు. ఎవరివల్లా కాలేదు. ఓడిపోయి, మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళి కూర్చుంటుంటే మిగతావాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఆ బడిలో క్లౌన్ పాఠమంతా ఆ ఓటమి నుంచే పెరిగింది. అక్కడ చదివి, అక్కడే నేర్పి, తర్వాత సొంత బడి పెట్టుకున్న ఫిలిప్ గోలియే దాన్ని ఇంకా పదునెక్కించాడు. విద్యార్థి వేదిక మీద బోరు కొట్టిస్తే డప్పు మీద ఒక్క దెబ్బ, ఒక ఘాటైన వ్యాఖ్య, ఇంక వెళ్ళి కూర్చోవాల్సిందే. సాషా బారన్ కోహెన్, ఎమ్మా థాంప్సన్ లాంటి నటులు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

ఈ బడుల్లో దొరికే విలువైన విషయం ఒకటుంది: ఐటం పారనప్పుడు ఏం చేయాలి? పాత సర్కస్ గురువులు దీన్ని విడిగా నేర్పేవాళ్ళు కాదు, జనమే నేర్పుతారని వదిలేసేవాళ్ళు. పారనప్పుడు గొంతు పెంచకుండా, పారలేదని జనంతో పాటు ఒప్పుకుని, ఆ ఇబ్బందినే చూపించడం ఓ నైపుణ్యం. దాన్ని పాఠంగా మలిచిన ఘనత లెకాక్ పరంపరదే. కాని క్లాసులో నవ్వేది ముప్ఫైమంది తోటి విద్యార్థులు; నీ పేరు తెలిసినవాళ్ళు, రేపు తమ వంతు వస్తుందని తెలిసినవాళ్ళు. పల్లీలు తింటూ ఏనుగు ఎప్పుడొస్తుందా అని చూసే కుటుంబం దగ్గర ఆ నవ్వు చెల్లదు. అందుకే ఆ బడి నుంచి గొప్ప నటులు వచ్చినంతగా సర్కస్ క్లౌన్లు రాలేదు. అది లోపం అననుగాని, దాన్నీ దీన్నీ ఒకే పేరుతో అమ్మడం మాత్రం ఒప్పుకోలేను.

అదే పారిస్‌లో 1974లో ఆనీ ఫ్రాటెల్లినీ, ఆమె భర్త పియేర్ ఎతే కలిసి పెట్టిన సర్కస్ బడి చూస్తే తేడా తెలుస్తుంది. ఆమె క్లౌన్లుగా పేరుమోసిన ఫ్రాటెల్లినీ అన్నదమ్ముల్లో పాల్‌కి మనవరాలు. రింగులో భర్త తెల్లముఖం క్లౌన్, ఆమె అగస్ట్, అంటే వెర్రిబాగుల క్లౌన్. ఆడవాళ్ళు ఆ వేషం కట్టడం అప్పటికి అరుదు. బడితో పాటు సొంత గుడారం నడిపారు, విద్యార్థులు అందులో జనం ముందు ఆడారు. ఆమె 1997లో చనిపోయినా ఆ పరంపర ఇప్పటికీ పారిస్ పక్కన సేన్-దెనీలో ఫ్రాటెల్లినీ అకాడమీగా నడుస్తోంది.

మాస్కోలో సర్కారే రింగు, సర్కారే బడి. 1927లో సర్కస్ విద్యాలయం మొదలైంది. కరందాష్ అనే పేరుతో ప్రసిద్ధుడైన క్లౌన్ మిఖాయిల్ రుమ్యాంత్సెవ్ అక్కడే చదివాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన యూరీ నికూలిన్‌ని నటన నేర్పే సంస్థలు తిప్పి పంపేస్తే, మాస్కోలోని త్స్వెత్నోయ్ బులవార్డ్ సర్కస్‌లోని క్లౌన్ స్టూడియోలో చేరాడు, తర్వాత మిఖాయిల్ షుయ్దిన్‌తో కలిసి కరందాష్‌కి సహాయకుడయ్యాడు. సహాయకుడి పనిలో ఒకటి ప్రేక్షకుల్లో కూర్చోవడం. మామూలు బట్టలతో ముందే వచ్చి, టికెట్ కొన్నవాడిలా కూర్చుని, గుర్రం ఎక్కడానికి ఎవరైనా రండి అని పిలిచినప్పుడు ఇష్టం లేనట్టు లేచి రావాలి. పక్క సీటువాడికి అనుమానం వస్తే ఐటం పోయింది. తొందరగా లేస్తే పోయింది, ఆలస్యంగా లేస్తే నిజం ప్రేక్షకుడెవడో ముందే వచ్చేస్తాడు. ఇది గదిలో ఎంత సాధన చేసినా రాదు. రెండేళ్ళు గురువు నీడలో రోజూ అదే కుర్చీలో కూర్చున్నవాడికి వస్తుంది. నికూలిన్ 1980లలో అదే సర్కస్‌కి అధిపతి అయ్యాడు.

ఇప్పుడు క్లౌన్ గురువులకి కొత్త రింగు ఆసుపత్రి. న్యూయార్క్‌లో బిగ్ యాపిల్ సర్కస్ క్లౌన్ మైకేల్ క్రిస్టెన్సెన్ 1986లో పిల్లల ఆసుపత్రుల్లోకి క్లౌన్లని పంపే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయం 2006లో దీన్ని డిగ్రీ చదువుగా కూడా చేసింది. ఇక్కడ పాఠం తిరగబడుతుంది. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, గుమ్మం దగ్గర ఆగి బిడ్డ అనుమతి అడగాలి. వద్దంటే వెళ్ళిపోవాలి. సూదులకి, మందులకి వద్దనే హక్కు లేని బిడ్డకి ఒక్క మనిషిని వద్దనే అవకాశం దొరకడమే ఆ రోజు పని. ముఖానికి రంగు దాదాపు ఉండదు, ముక్కు మాత్రమే. పౌడరు ఎగరకూడదు, లేటెక్సు బెలూన్లు కూడదు, తుడవలేని గుడ్డబొమ్మ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోకూడదు. రింగులో పెద్దగా ఆడినవాడికి ఇక్కడ చిన్నగా ఆడటం నేర్పాల్సి వస్తుంది. జీతంతో నడిచే కార్యక్రమాలున్నచోట గురువులూ నిలబడ్డారు. స్వచ్ఛందంగా ఆదివారం వచ్చి ముక్కు పెట్టుకునేచోట ఏ ప్రమాణమూ నిలవలేదు.

మన సంగతి. 1880లో విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో మొదటి భారతీయ సర్కస్ ఆడించాడు, 1901లో కీలేరి కున్హికణ్ణన్ కేరళలోని తలశ్శేరి దగ్గర సర్కస్ బడి పెట్టాడు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉండి తర్వాత సర్కస్ కంపెనీ నడిపిన కోడి రామమూర్తి నాయుడు మనవాడే. ఎక్కడా గురువులకి కొదవలేదు, కాని నేర్పినవన్నీ కసరత్తు, తీగ నడక, బలప్రదర్శన. జోకరుకి విడిగా పాఠం లేదు. పొట్టివాళ్ళని వాళ్ళ ఎత్తు చూసి తీసుకున్నారు, పనితనం చూసి కాదు. ఆ ఎత్తే నవ్వనుకున్న యజమాని వాళ్ళకి ఇంకేమీ నేర్పించలేదు, వాళ్ళు సొంతంగా పట్టుకున్నదాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. ట్రపీజ్ ఆట చివర్లో లాగు ఊడిపోయి వలలో పడే జోకరుని చూసి నవ్వుతాం. ఆ జట్టులో గట్టివాళ్ళలో ఒకడు కాకపోతే ఆ పని చేయలేడు: పట్టు తప్పినట్టు కనిపిస్తూ, సరిగ్గా వల మధ్యలో వీపు మీద పడాలి, కాళ్ళ మీద పడితే మోకాలు పోతుంది. అతని దగ్గర ఒక పాఠ్యపుస్తకానికి సరిపడా విద్య ఉంది. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్కల చమత్కారం తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది, వంశం ఉన్నంతకాలం. సర్కస్ జోకరుకి ఆ వంశమూ లేదు.

పైగా పాత పద్ధతి ఇక కుదరదు. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల్ని రింగులో ఆడించడాన్ని ప్రభుత్వం 1998లో నిషేధించింది, అవి ఉన్నప్పుడు బోను బిగించే సమయం నింపడమే జోకరు ముఖ్యోద్యోగం. 2011లో పిల్లల్ని సర్కస్ పనిలో పెట్టకూడదని సుప్రీంకోర్టు ఆదేశించింది, అది అవసరమైన తీర్పే. దాంతో ఆరేళ్ళకే డేరాలో పడి చూసి నేర్చుకునే దారి మూసుకుపోయింది. ఇకపై వచ్చేవాడు పెద్దవాడై వస్తాడు, అతనికి వరసగా నేర్పాల్సిందే. కేరళ ప్రభుత్వం 2010లో తలశ్శేరిలో తెరిచిన సర్కస్ అకాడమీ కొన్నేళ్ళకే మూతపడింది. బడి పెట్టారుగాని, దాన్నుంచి బయటికొచ్చేవాణ్ణి తీసుకునే సర్కస్‌లే తగ్గిపోతున్నాయి.

కాబట్టి భవనం కట్టే పని ముందు పెట్టుకోకూడదు. తిరుగుతున్న సర్కస్‌తోనే పన్నెండు వారాల చదువు చాలు. నాలుగు వారాలు పడటం, మొగ్గలు, మామూలు బూట్లతో. మూడు వారాలు చూపు, చెంపదెబ్బ, బ్యాండు డ్రమ్మర్‌తో కలిసి. ఒక వారం రంగు, దుస్తులు. రెండు వారాలు సమయం నింపడం: ట్రపీజ్ తాడు చిక్కుపడింది, రింగ్ మాస్టర్ సైగ చేసేదాకా రెండు నిమిషాల ఐటం ఆరు నిమిషాలు సాగాలి, సైగ రాగానే నవ్వు దగ్గరే తెగాలి. ఆఖరి రెండు వారాలు మధ్యాహ్నం ఒంటిగంట ఆటలో, జనం పలచగా ఉండి నవ్వు పుట్టడమే కష్టంగా ఉన్న వేళ, గురువు జనం మధ్య కూర్చుని చూస్తుండగా. గురువు కనీసం పదేళ్ళు రింగులో ఆడి మానేసినవాడై ఉండాలి, అతని జీతం ట్రపీజ్ శిక్షకుడి జీతంతో సమానం. విద్యార్థికి ఆ ఆఖరి రెండు వారాల కూలి జోకరు కూలే కట్టాలి, శిక్షణ అనే పేరు చెప్పి కోత వేయకుండా.